ఏ అమ్మ పోలిక?

అక్కా,

లెక్కల పోటీలో మన రమ్యకి రాష్ట్రంలో ఫస్టు వచ్చింది. నువ్వు పోయేనాటికి రెండేళ్ల పిల్ల కదా. బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో ఈ రోజే ప్రైజిచ్చారు.

"ఎవరి పోలికమ్మా?" అని మైకులో అడిగితే, "మా అమ్మ పోలికండీ" అంది. ఏ అమ్మో చెప్పలేదు.

"లెక్కల టీచరు రక్తం ఎక్కడికి పోతుందే?" అన్నారు మీ మరిది. నాకు ఒళ్లు మండింది. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు నేర్పింది నేను కాదూ?

"మరి లెక్క తెగకపోతే తీసే ఆ కూనిరాగం? అచ్చం మా వదినే!" అన్నారు.

జాకెట్టు గుడ్డ కత్తిరించే ముందు నేనూ తీస్తానని దబాయించాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. కంకిపాడులో నువ్వు లెక్కల పేపర్లు దిద్దుతుంటే నీ పక్కన కూర్చుని నేను కుట్టే రోజుల్లో నీ దగ్గర అంటుకున్న అలవాటే అది. మరి రమ్యకి నీ నుంచి నేరుగా వచ్చిందా, నా మీదుగా వచ్చిందా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఇది రాస్తుంటే పక్కగదిలోంచి రమ్య కేకేసింది.

"అమ్మా, కూనిరాగం తీస్తున్నావు. ఏ లెక్క తెగలేదు?"