తీగ మీద మూడో చెయ్యి

చిట్టికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన రబ్బరు గ్లౌజులు అందాయి. ఎందుకమ్మా ఈ శ్రమ? బట్టలకి రంగులద్దేవాడి చేతులు పగలడం వింతా? వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి, అన్నం కలిపితే ఉప్పు తగిలి ప్రాణం పోతోంది, అంతే. మీ తాతయ్యవీ ఇలాగే ఉండేవి. చివరికి వేళ్ళన్నీ ముడుచుకుపోయి చూపుడువేలొక్కటే చాపినట్టు మిగిలింది. ఒకరు తినిపిస్తే తినేవాడు. అయినా రంగుతొట్టి వదిలాడా?

నువ్వు రాసినట్టే గాలి ఊది, మూతికి దారం కట్టి, షెడ్డులో తీగకి వేలాడదీశాను. పొద్దున వెళ్ళి చూద్దును కదా, ఒక ఎడమ చెయ్యి వేళ్ళు ముడుచుకుని, చూపుడువేలితో నన్నే చూపిస్తోంది! పక్కకి జరిగాను. అదీ తిరిగింది. మిగతా రెండూ మాత్రం బుద్ధిగా ఉన్నాయి.

ఇట్లు,
గుండె ఇంకా దడదడలాడుతున్న బాబాయి

తా.క.: నిజం చెప్పు. ఆసుపత్రిలో పోయినవాళ్ళ చేతులకున్నవి ఊడదీసి పంపావా?

*

బాబాయికి నమస్కారాలు.

పోయినవాళ్ళకి గ్లౌజులెవరు తొడుగుతారు బాబాయ్? అవి సరికొత్తవి. వేలికి చిల్లుంటే గాలి పోయి ముడుచుకుంటుంది. అది తెలియడానికే ఊదమన్నాను. చిల్లుదాన్ని పారెయ్యి. రంగు లోపలికి దిగి నీ చెయ్యి అందులోనే నానుతుంది. ఉంగరం తీసెయ్, దాని కిందా రంగు నిలుస్తుంది. మరకలు పోవాలని బ్లీచింగుతో తోమకు. కడిగి, తడి లేకుండా తుడిచి, వాజిలీను రాసుకో.

మా చర్మం వార్డులో ఒక తాపీమేస్త్రీ, సిమెంటుకి చేతులు పగిలి, తన చొక్కా గుండీ తను పెట్టుకోలేక నిన్న ఏడ్చాడు. నిన్ను అలా చూడటం నా వల్ల కాదు. లోపల తొడుక్కోవడానికి నూలు గ్లౌజులు కూడా పంపుతున్నాను.

నీ చిట్టి

తా.క.: నేను పంపింది ఒక్క జత. మూడు చేతులెక్కడివి? కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టు.

*

చిట్టికి ఆశీస్సులు.

కళ్ళజోడు పెట్టుకునే లెక్కపెట్టాను. మూడే. ఆ వేలు చూపించేదాన్ని నీళ్ళలో ముంచి నొక్కాను. ఒక్క బుడగ వస్తే ఒట్టు!

అది చాలదన్నట్టు ఇంకోటి. భోంచేసి ఒక కునుకు తీసి షెడ్డులోకి వెళ్ళి గ్లౌజులో చెయ్యి పెడితే లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది. ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు! సగం ముంచి వదిలేసిన బట్టలు ముంచేసి, పిండేసి, ఆరేసి ఉన్నాయి. నాకంటే నున్నగా వచ్చింది రంగు. షెడ్డుకి తాళం వేసే ఉంది. తాళంచెవి మీ పిన్ని కొంగునే ఉంది. ఆవిడ ఇంట్లోంచి కదల్లేదట.

రోజూ ఇదే వరస. నాకు పని లేదు. చేతులు మాత్రం మానుతున్నాయి.

ఇట్లు,
దయ్యం సంపాదన తింటున్న బాబాయి

తా.క.: పనిచేసే దయ్యానికి అన్నం పెట్టొద్దా అన్నాను. దాని వాటా నేను తింటాలెండి అంది మీ పిన్ని.

*

బాబాయికి నమస్కారాలు.

రంగు ఆవిరి నీ తలకెక్కినట్టుంది. షెడ్డు కిటికీలన్నీ తెరువు. లోపల చెమ్మగా ఉన్నవి తొడుక్కోకు, ఆ తడికీ చర్మం చెడుతుంది. ఆదివారం మా మనసు డాక్టరుగారిని వెంటబెట్టుకుని వస్తున్నాను.

నీ చిట్టి

తా.క.: బొద్దింక కనబడితే ఇల్లు పీకి పందిరేసే పిన్ని, దయ్యానికి బెదరదేం?

*

చిట్టికి ఆశీస్సులు.

డాక్టరునే తెస్తావో, భూతవైద్యుణ్ణే తెస్తావో నీ ఇష్టం. నేను వల పన్నాను. గ్లౌజుల్లో నీలిరంగు పొడి చల్లి పడుకున్నాను. లేచి, పాలవాడివి, పోస్టుమ్యానువి, మీ పిన్నివి, అందరి చేతులూ చూశాను. ఒక్కరికీ నీలం లేదు. దయ్యమే, సందేహం లేదు.

ఇక సిగ్గేస్తోంది చిట్టీ. రేపట్నుంచి నా తొట్టిలో నేనే దిగుతాను. గ్లౌజులు దయ్యానికే వదిలేసి, మా నాన్నలాగే వట్టి చేతులతో!

ఇట్లు,
బాబాయి

తా.క.: మీ పిన్ని ఇది చదివి, ఎందుకో వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

*

చిట్టితల్లికి పిన్ని దీవెనలు.

డాక్టరుగారు అక్కర్లేదు. ఆ దయ్యాన్ని నేనే. ఈ మనిషి చేతులు మామగారి చేతుల్లా అయిపోతుంటే చూడలేకపోయాను. చెబితే వినే ఘటమా? అందుకే ఆయన కునుకు తీసినప్పుడల్లా నేను తొడుక్కున్నాను. నీ నూలు గ్లౌజులు నేనే దాచుకుని లోపల తొడుక్కోబట్టి నా చేతులు బతికాయి. నీలమంతా వాటికే అయింది.

ఈ పొద్దున నా మాట వినకుండా వట్టి చేతులతో తొట్టి మీదికి వంగాడు. తీగకి వేలాడే ఆ ఎడమ గ్లౌజు దారం తెంపుకుని వచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. గాలి లేదే తల్లీ. కిటికీలన్నీ వేసే ఉన్నాయి. ఆయన చెంప పట్టుకుని, "నాన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని గ్లౌజులు తొడుక్కున్నాడు. నా సంగతీ అప్పుడే చెప్పేశాను. బజారునుంచి ఇంకో జత తెప్పించి, ఇప్పుడు ఇద్దరం చెరో జతతో పని చేస్తున్నాం.

ఇట్లు,
నీ పిన్ని

తా.క.: ఆ మూడోది నాది కాదు. మళ్ళీ కట్టి అక్కడే వేలాడదీశాను. ఈసారి పంపేటప్పుడు పెద్ద సైజు ఎడమది ఒకటి విడిగా పంపు. పాపం, బిగుతుగా ఉన్నట్టుంది. మామగారిది ఎడమచేతి వాటం.