చీర మీద ఖాకీ

మహిపాల్ అన్నకు,

ఫోన్ చేస్తే మాట మారుస్తావని కాగితం మీద రాస్తున్నాను. మొన్న ఎల్బీనగర్ మెట్రో కింద, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని ఆటో నడుపుతున్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నావు. చెల్లెలిని చూసి సిగ్గుపడ్డావనుకున్నాను. చాలా కోపం వచ్చింది.

నిన్న వదిన ఫోన్ చేసింది. "మీ అన్న అన్నం ముడ్తలేడు. తను తెచ్చిన సంబంధం వల్లనే చెల్లె బతుకు గిట్లయిందని ఏడుస్తున్నడు" అంది.

అన్నా, ఇల్లు పట్టించుకోని బావ సంగతి ఇక వదిలెయ్. ఈ ఖాకీ నాకెవరూ తొడిగించలేదు. మగవాళ్ల కొలతలకే కుడతానన్న దిల్‌సుఖ్‌నగర్ టైలర్‌తో కొట్లాడి మరీ నా కొలతకు కుట్టించుకున్నాను. చిన్నప్పుడు వాన పడితే నాన్న గొంగడి కప్పుకుని బడికి వచ్చేవాడు, గుర్తుందా? మనిద్దరం అందులో దూరి, ఉరుములకు కూడా భయపడకుండా ఇంటికి నడిచేవాళ్లం. ఈ చొక్కా తొడుక్కుంటే నాకు అట్లాగే ఉంటుంది. హయత్‌నగర్ నుంచి దవాఖానకు వచ్చే ముసలమ్మ ఒకామె, "నీ బండైతేనే ఎక్కుత బిడ్డా" అని నా కోసం ఆగుతుంది.

ఆదివారం వదినను తీసుకుని మెట్రో దగ్గరికి రా. ఇద్దరినీ నా ఆటోలోనే ఇంటికి తీసుకుపోతాను. అక్కడ అన్నీ ఆటోలే, అందరివీ ఖాకీ చొక్కాలే. చొక్కా కింద ఆకుపచ్చ అంచు ఎక్కడ కనబడితే అక్కడికి రా. బతుకమ్మకు నువ్వు పెట్టిన చీరే కట్టుకుని ఉంటాను.

నీ చెల్లె