మన గొర్రెలు నునుపు చేసిన స్తంభం

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. డ్యాం పనికి సెలవు పెట్టి, పడవెక్కి నాగార్జునకొండకు వెళ్లాను. ఎండాకాలం ఏరు దాటి మనం మందను ఆపిన ఆ పాత బౌద్ధ విహారాన్ని, డ్యాం నీళ్లలో లోయ మునగకముందే ఒక్కో రాయీ ఊడదీసి కొండమీద మళ్లీ కట్టారు. "మన కంబం మునిగిందో తేలిందో సూసి రారా" అని చివరిదాకా నన్ను సతాయించావు కదా. ఉంది అవ్వా, అంచు పగిలిన ఆ రాతి కంబమే!

గైడు దాన్ని యాత్రికులకు చూపిస్తూ, "భిక్షువులు తాకి తాకి ఇంత నున్నగా అయింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గా నునుపు నా తొడల కాడికే ఆగింది. మీ భిక్షువులు గింత పొట్టోళ్లా? మా అవ్వ గొర్లు ఒళ్లు రుద్దుకున్న కంబమది!" అని అరిచాను.

అందరూ నవ్వారు. గైడు మాత్రం వంగి, ఆ నునుపును చేత్తో తడిమి, "మీ అవ్వ పేరేంటోయ్?" అని అడిగాడు.

"మల్లమ్మ."

తర్వాతి పడవలో వచ్చినవాళ్లకు అతను నీ పేరే చెప్పాడు. నేను విన్నాను. వాళ్లు వెళ్లాక కంబానికి ఆనుకుని కూర్చుని, కాసేపు వీపు రుద్దుకుని దిగి వచ్చాను.