చలికి తీసిన దారి

కాంప్ ఏటి ఒడ్డు నుంచి,
మే 15, చలి సోఫీ పండుగ రోజు.

అత్తయ్య గారికి మీ కోడలు బుర్గీ నమస్కారాలు. ఇక్కడ మీ అబ్బాయి, నేను, మేకలు రెండూ కులాసా. మీ తుంటి ఎముక అతుక్కుంటోందని, లింజ్‌లో వదినగారు మిమ్మల్ని మంచం దిగనివ్వడం లేదని చదివి నవ్వుకున్నాం. మిమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టగల మనిషి ఇన్నాళ్ళకు దొరికిందన్నమాట.

పీపాల సంగతి అడిగారు. కొండ మీది మెట్ల తోట వైన్ చక్కగా తేరింది. మొదటి గుక్కలోనే మిరియం ఘాటు తగులుతోంది. కాయ పండేటప్పుడు పగటి ఎండా రాత్రి చలీ రెండూ అందితేనే ఆ ఘాటు వస్తుందని మీరు అనేవారు కదా, నిరుడు పైన రెండూ అందాయి. కింది తోట పీపా మాత్రం వట్టి పుల్లనీళ్ళు. తొలి చిగుళ్ళు మంచుకు మాడాయి. మలి చిగుళ్ళ కాయలు పండేలోపే అక్టోబరు పొగమంచు కమ్మేసింది. ఒకే కొండ, ఒకే రకం ద్రాక్షతీగ. అయినా ఆ రెండు పీపాలూ చుట్టాలంటే ఎవరూ నమ్మరు.

మే నడుమ చలి తెచ్చే మంచు పునీతుల పండుగలు మూడూ వెళ్ళి, ఆ మర్నాటి చలి సోఫీ కూడా దాటేదాకా చిగురును నమ్మవద్దని రాశారు. నమ్మలేదు అత్తయ్యా. ఈ ఏడు కూడా మాడితే కింది తోట పీకేసి బంగాళాదుంపలు వేస్తానని మీ అబ్బాయి కోలోమాన్ అన్నాడు. మీరు పెళ్ళికూతురుగా వచ్చి నాటిన తీగలవి.

ఇక దాచలేను. కింది తోట చివర, దారి పక్కన మామయ్య కట్టిన గోడ పగలగొట్టాను.

మొదటి పునీతుడి రోజు తెల్లవారుతుంటే తోటలో నిలబడి చూశాను. కొండ మీది నుంచి మంచుతెర నీళ్ళలా జారి వచ్చింది. కింద ఆ గోడ దగ్గర ఆగి, మోకాలెత్తున నిండి, ఇక కదల్లేదు. తీగలు అందులో మునిగి ఉన్నాయి, ఆ రోజుకు గడ్డకట్టే చలి కాదు కాబట్టి బతికాయి. చలీ ఇలాగే నిలుస్తోందని, గోడ లేనప్పుడు మన కింది తోట ఎన్నడూ మాడలేదని అప్పుడు తట్టింది. కోలోమాన్‌తో చెబితే ఇంతెత్తున లేచాడు.

"నాన్న చివరిసారి చేత్తో కట్టింది అదేనే! దాని మీద చెయ్యేస్తే ఊరుకోను."

"మరి అమ్మ నాటిన తీగలో?"

"చలికి దారి చూపిస్తావా? పెద్ద మొనగత్తెవి బయల్దేరావు!"

నిన్న అతను గడ్డి కోసం బండి కట్టుకుని వెళ్ళగానే గడ్డపార పట్టాను. బండి పట్టేంత సందు చేశాను. ఒక్కో రాయి తీస్తుంటే మామయ్య వెనకాల నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

ఈ ఉదయం సోఫీ రానే వచ్చింది. చిగుళ్ళకు కాపుగా పొగ పెట్టాలని తడిగడ్డి రాజేశాం. పొగ నేలబారుగా జారి, సందు దగ్గరికి వెళ్ళి, అందులోంచి బయటికి పోయింది. కోలోమాన్ సందునూ పొగనూ చూసి, ఇంకో మోపు గడ్డి వేశాడు. ఎండెక్కాక తీగల మధ్య తిరిగాం. చిగుళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. సంతోషంతో ఏడ్చేశాను.

అంతలో రోజాలియా పిన్ని వచ్చింది. దారికి అవతల, పల్లంలో ఉన్న ఆవిడ తోట నల్లగా కమిలిపోయింది. ఇగ్నాజ్ బాబాయి పోయాక ఆవిడకు ఆ తోట తప్ప ఆధారం లేదు.

"ఏడవకే అమ్మాయ్," అంది, నేను తన కోసం ఏడుస్తున్నాననుకుని. "సోఫీ ముసల్ది ఏటా ఎవరి కొంపో ముంచాల్సిందేగా. ఈసారి నా వంతు. మీ అత్త తీగలన్నా బతికాయి, అదే చాలు. ఇదిగో, పొద్దున్నే కేకు చేశా, తినండి."

ఆవిడ వెళ్ళాక కోలోమాన్ మెల్లగా, "ఆ చలి మన సందులోంచే వెళ్ళిందని చెప్తావా?" అన్నాడు. నువ్వే చెప్పు అన్నాను. ఇద్దరం వెళ్ళలేదు.

దారిలోకి రాళ్ళు దొర్లకుండా మామయ్య ఆ గోడ కట్టారని అందరం అనుకున్నాం. కానీ పిన్ని తోట ఏటా మాడుతోందని ఇగ్నాజ్ బాబాయి తిట్టుకోవడం ఇప్పుడు గుర్తొస్తోంది. ఆయన పోయిన ఏడే కదా మామయ్య గోడ కట్టింది? ఆ శీతాకాలమే తనూ పోయారు. అత్తయ్యా, మామయ్యకు తెలుసా? తెలిసే చలిని మన వైపు ఆపుకున్నారా? మీతో అన్నారా? మీ జవాబు రావాలనీ ఉంది, రాకూడదనీ ఉంది. నాకు చాలా భయంగా ఉంది.

తీసిన రాళ్ళు సందు పక్కనే పేర్చి ఉంచాను. పిన్ని ఇచ్చిన కేకు బల్ల మీద అలాగే ఉంది. కొయ్యడానికి చేతులు రావడం లేదు.

ఇట్లు,
మీ తిట్లకు ఎదురుచూసే కోడలు,
బుర్గీ