ఉత్తరపు గోడ

విండో రాక్ నుంచి

నానబా అక్కకు,

నేనూ మామా ఆరోగ్యంగానే ఉన్నాం, అమ్మని దిగులు పడొద్దను.

మేం రాళ్లు చెక్కి కట్టిన సభామందిరంలో నిన్న మన తెగ పెద్దలు కూర్చున్నారు. మన హోగన్ ఇళ్లలాగే ఎనిమిది మూలలు, తూర్పు వాకిలి, గోడలకి వెనక కొండలోని ఎర్రరాయి. పైన దుంగల కప్పు చూసి మామ మురిసిపోయాడు. అంతలో సర్కారు దొర లేచి, గడ్డి చాలడం లేదు, మీ గొర్రెల్నీ మేకల్నీ సగం తీసెయ్యాల్సిందే అన్నాడు. మనవాళ్లు తలలు వంచుకుని సరేనన్నారు.

మామ బయటికొచ్చి ఉత్తరం వైపు గోడ దగ్గర నిలబడ్డాడు. "ఇంట్లో ప్రాణం పోతే ఏం చేస్తాంరా? ఉత్తరపు గోడ పగలగొట్టి శవాన్ని బయటికి తీస్తాం. మళ్లీ ఆ గడప తొక్కం. ఇవాళ ఈ ఇంట్లో మన మంద ప్రాణం పోయింది. ఇదిగో, కొట్టు!" అని సుత్తి నా చేతిలో పెట్టాడు. ఆ గోడ పేర్చింది తనే. దాన్ని చేత్తో తడిమి, "గునపం దిగడానికి సందైనా ఉంచలేదు కదరా నేను" అంటూ అక్కడే కూలబడ్డాడు.

మందకోసం మనుషులొస్తే అమ్మని దొడ్డి దగ్గర ఉండనివ్వకు, పిన్ని దగ్గరికి పంపెయ్. మగ్గం మీది దుప్పటి అయిందా? మిగిలిన ఉన్ని అమ్మొద్దు. మామకి జోళ్లు పంపు, ఇవి పూర్తిగా అరిగిపోయాయి. చంటిదానికి నా ముద్దులు.

మేం కట్టిన కొత్త ఇల్లు ఎలా ఉందని అమ్మ అడుగుతుంది. వాకిలి తూర్పుకే పెట్టామని చెప్పు. గోడలు గట్టివని మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు,
తహే