దిష్టి గుమ్మడికాయ

బొమ్మనహళ్ళి, ఆయుధ పూజ, 2003

పొద్దున మా ఆయన కొత్త బండికి పూజ చేశాం. "ఇంత సంతోషం వచ్చిండాదంటే వెనకాలే దుఃఖమూ ఉంటాది. దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టప్పా" అంది అత్త. ఆయన వీధి మలుపులో నడిరోడ్డు మీద పగలగొట్టారు. ముక్కలు మేమెవరమూ తీయలేదు.

సాయంత్రం కింది వాటా కమల స్కూటరు వాటి మీదే జారింది. కాలు విరిగింది. ఆపరేషన్ అయిందో లేదో ఇంకా కబురు లేదు.

"చూసినావా, మనకు రావాల్సింది పక్కకు పోయింది" అంది అత్త, దేవుడికి దండం పెడుతూ. నాకు ఒళ్ళు మండింది. సుఖదుఃఖాలు సరిసమానమంటారు, సరే. మా సుఖానికి సరిపడే దుఃఖం కమల ఎందుకు పడాలి?

రేపు ఆస్పత్రికి కొత్త బండి మీద వెళ్దామంటున్నారు ఆయన.

నేను బస్సెక్కుతాను.