పగిలిన ఇంజను

దసరా, ఛత్రినాక

మా అబ్బాయి యాదగిరికి బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో, నేను డ్రైవరుగా పనిచేసిన దొర నాకిచ్చిపోయిన ఎర్ర స్పోర్ట్స్ కారులో వాణ్ణి చాంద్రాయణగుట్ట దాకా తిప్పాను. నా బంగారం ఎంత మురిసిపోయాడో! తిరిగొచ్చేసరికి ఇంజను ఆవిర్లు కక్కుతోంది. కారుకు పూజవేళ దాటిపోతుందని, చల్లారక ముందే రేడియేటర్లో చన్నీళ్లు పోశాను. లోపల ఠప్పుమంది.

షెడ్డులో మెకానిక్ ఖాజా చూశాడు. "వేడి ఇంజన్ల సల్లటి నీళ్లు ఎవడు పోసిండు? మొత్తం పగిలింది. బాగుచెయ్యాలంటే ఇల్లు అమ్మాలె బాపు."

"నేనే పోసిన భాయ్," అన్నాడు యాదగిరి.

"గిట్లయితే బస్సేం నడుపుతవ్ రా?" అని షెడ్డంతా నవ్వింది.

నలభై ఏళ్లు డ్రైవరీ చేసిన నేను నోరు విప్పలేదు. కారు ఇక పాత ఇనుముకే. రేపు నా కొడుకు ఆ షెడ్డు ముందు నుంచే బస్సు తోలుకుపోవాలి...